సారెల్ గాలిమర, డోర్కాస్ కన్ను

రెహోబోత్‌లో తుపాకికి గురి చూసే స్కోపు బిగించుకోవాలంటే ఎవరైనా డోర్కాస్ మాస్‌డోర్ప్ వంటింటి బల్ల దగ్గరికి రావలసిందే. మొగుడు పోయాక ఆ పని ఆవిడకు మిగిలిందంటారు. ఆయన ఉన్నప్పుడూ చేసింది ఆవిడే, పేరు మాత్రం ఆయనది. ఎంతటి వేటగాడైనా సరే, ఆవిడ ముందు కళ్ళు మూసుకుని తుపాకి భుజానికెత్తి, చెప్పినప్పుడే కళ్ళు తెరవాలి. స్కోపులో గుండ్రం నిండుగా కనబడకపోతే దాన్ని ముందుకో వెనక్కో జరుపుతుంది. ఆ తర్వాత కిటికీలో వేలాడే దారం, దాని కొసన సీసపు గుండు. స్కోపులోని నిలువు గీత ఆ దారంతో కలిసేదాకా మరలు బిగించదు.

అలాంటి మనిషి మీద మంగళవారం పొద్దున్నే మరిది సారెల్ విరుచుకుపడ్డాడు.

"కొంప ముంచావు వదినా! శనివారం పిల్ల పెళ్ళి. విందు మాంసానికి నాకున్నది ఒక్క కుడూ దుప్పిని కొట్టే అనుమతే. ఎనభై గజాల దూరంలో నిలబడ్డాడు మహానుభావుడు. గుండు ఎటు పోయిందో దేవుడికే తెలియాలి. నన్ను చూసి నవ్వుకుంటూ పోయాడు!"

"నీ మొహం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది లేరా."

"ఎగతాళి వద్దు. గీత వంకరగా ఉంది, కళ్ళారా చూశా. నీ కుడికన్ను పోయిందని ఊరంతా అంటున్నారు. మళ్ళీ గురి తప్పితే రాజధానిలో కొట్టుకి పట్టుకుపోతా."

కుడికంట మసక మొదలైన సంగతి తనకొక్కదానికే తెలుసనుకుంది డోర్కాస్. ఈ బల్ల పోతే ఇక కోడలిచ్చిన టీ తాగుతూ మూల కూర్చోవడమే. భయం వేసింది, కోపమూ వచ్చింది.

"పద, నీ ఇంటి దగ్గరే తేల్చుకుందాం" అని దారం చుట్టి జేబులో వేసుకుంది.

సారెల్ వసారాలో కూర్చోగానే అడిగింది: "గీత వంకరని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? వేటకెళ్ళే ముందు ఇక్కణ్ణుంచే ఆ గాలిమర స్తంభంతో సరిచూశా. కలవలేదు. మరలు వదులుచేసి, దానికి కలిపి నేనే బిగించా" అన్నాడు గొప్పగా.

డోర్కాస్ గాలిమర వంక చూసింది. వసారా దూలానికి దారం కట్టి, సీసపు గుండు వదిలింది. సారెల్ దారాన్నీ, గాలిమరనీ మార్చిమార్చి చూశాడు.

"అదేంటి వదినా, నీ దారం వంకరగా వేలాడుతోంది?"

లోపల్నించి అతని పెళ్ళాం రేచెల్ పగలబడి నవ్వింది. "ఏడేళ్ళ కిందట పెనుగాలికే ఒరిగింది అక్కా అది! చెబితే వింటేగా, నీ మరిది!"

డోర్కాస్ స్కోపు విప్పి, దారానికి కలిపి మళ్ళీ బిగించింది. వంద గజాల దూరంలో పాలడబ్బా మూత పెట్టించింది. మొదటి గుండు జానెడు పక్కకు పోయింది. సారెల్ గొంతు సవరించుకున్నాడు. ఆవిడ స్కోపు పక్కనున్న గురి సరిచేసే బిళ్ళని టిక్కులు లెక్కపెడుతూ తిప్పి, కుడికన్నే ఆనించి మళ్ళీ కాల్చింది. మూత నడిమిన చిల్లు పడింది. ఆవిడకు ఏడుపు వచ్చినంత పనయింది.

సారెల్ తల గోక్కున్నాడు. "రేపే గాలిమరని నిటారుగా నిలబెట్టిస్తా వదినా."

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా! అలాగే ఉండనీ. నా కన్ను పోయిందన్న ప్రతివాణ్ణీ ఇక్కడికే పంపిస్తా."