ఏటపల్లి అవతలి పోస్టు నుంచి ఒక వీడియో కాల్

ఏటపల్లి దాటాక లారీ దిగి, మిగిలిన అడవి దారి నడిచి జవాన్ల పోస్టుకు చేరాను. ఒకటే వాన. భుజాన కిట్, చేతిలో పనిముట్ల పెట్టె, బూట్ల నిండా నీళ్లు. పోస్టు కమాండర్ నన్ను ఎగాదిగా చూశారు.

"సిగ్నల్‌వాడివా? ముందు నెట్ బాగుచెయ్యి. తర్వాత తిందువుగాని."

ఆపరేషన్ గది లైను వేరు. జవాన్ల ఫోన్లు మాత్రం ప్రాక్సీ సర్వర్ అనే పెట్టె గుండానే బయటికి పోవాలి. గేటు దగ్గర సంత్రీ ప్రతి బండినీ ఆపి చూసినట్టు, అది ప్రతి కాల్‌నూ చూసి వదులుతుంది. దాన్ని తప్పించి ఎవరి ఫోనూ కలపకూడదని ఆర్డరు. రోజూ పొద్దున బాగానే నడిచేదట. పెట్రోలింగ్ జట్టు తిరిగొచ్చిన కాసేపటికి మాత్రం నత్తనడక, ఆపైన తెగిపోవడం.

ఆ మధ్యాహ్నం మెస్ వంటవాడు పరుగున వచ్చాడు. సిరోంచ తాలూకా బామ్ని అతని ఊరు. సెలవు మంజూరైంది గానీ అటువైపు వాగు పొంగి దారి తెగింది.

"అన్నా, అమ్మకు కడుపుల గడ్డ. సిరోంచ దవాఖానల నాలుగింటికి ఆపరేషన్. నన్ను చూడంది లోపలికి పోనంటాంది. ఆమెకు చెవుడు, ఉత్త ఫోన్ పనికిరాదు. జర చూడే."

అప్పటికి రెండున్నర. నా టెస్టు ల్యాప్‌టాప్‌ను నేరుగా కలిపితే లింకు గట్టిగానే ఉంది. ప్రాక్సీ గుండా కలిపితే తెగింది. అందరూ ఒకేసారి వాడుతున్నారనుకుని ఫోన్లన్నీ ఆపించాను. తిట్లు తిన్నాను గానీ లాభం లేదు. కేబుల్ మార్చాను. పెట్టెను ఆపి మళ్లీ వేస్తే కాసేపు నడిచి చతికిలబడింది. విసుగుతో దాని మీద చెయ్యి వేశాను. చురుక్కున కాలింది.

వంగి వెనక చూశాను. వేడిగాలి బయటికొచ్చే జాలీ మీద జట్టువాళ్ల తడి సాక్సులన్నీ! ఊపిరాడక పెట్టె ఉడికిపోతోంది.

మంచిర్యాల హవల్దార్ తలుపు దగ్గర నిలబడి తల గోక్కున్నాడు. "ఏం జేయాలె తమ్మీ? ఈ వానల గా డబ్బా ఒక్కటే ఎచ్చగుంటది."

తిట్టబోయి నవ్వేశాను. నా సాక్సులూ తడిసే ఉన్నాయి మరి. పొయ్యి దరిదాపులకు బూటును కూడా రానివ్వని వంటవాడు అన్నాడు: "నా పొయ్యి కాడ ఆరేసుకోండ్రి. ఇగ దాన్ని ముట్టకుండ్రి."

పెట్టె చల్లారాక కాల్ కలిసింది. నర్సు పట్టుకున్న ఫోన్లో వాళ్లమ్మ, మంచం మీద. ఇతను చేతులతో మాట్లాడుతున్నాడు. ఆమె చేతులూ ఆడాయి. తర్వాత ఐదు వేళ్లూ ముడిచి నోటి దగ్గర పెట్టుకుని కళ్లెగరేసింది.

"ఏమంటోంది?"

"తిన్నవా అంటాందన్నా."

తిన్నానని తలూపాడు. ఆమె నమ్మలేదు. మళ్లీ అడిగింది. అతను వంటింట్లోకి పోయి ముద్ద తెచ్చి, ఆమె చూస్తుండగా తిన్నాడు. అప్పుడామె నర్సు వైపు తిరిగి, పదమన్నట్టు చెయ్యూపింది.

ఆపరేషన్ బాగా జరిగింది. నేను ఉద్యోగం విరమించి ఇంటికొచ్చి చాలా కాలమైంది. అడవిలో ఏం చూశావని ఊళ్లో అడుగుతారు. పోస్టులో అందరికీ వడ్డించి చివర తినే ఆ వంటవాణ్ని, మాలో ఒక్కరమూ అడగని 'తిన్నావా' అన్న మాట అడిగిన ఆ తల్లి చెయ్యే నా కళ్ల ముందు నిలుస్తుంది.