ఆదివారం చదువు

ఆస్పత్రిలో అందరూ ఆవిడను ఎక్స్‌రే అక్క అనేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో సహాయకురాలిగా చేరింది. తల నెరిసేదాకా ఆ గదిలోనే ఉంది. రోగుల్ని బల్ల మీద పడుకోబెట్టడం, విరిగిన చేతిని మెల్లగా తిప్పి ఉంచడం, ఏడ్చే పిల్లల్ని మాటల్లో పెట్టడం ఆవిడ పని. మీట నొక్కేది మాత్రం డిప్లొమా ఉన్నవాళ్ళే. ఒకరోజు పైనుంచి కబురొచ్చింది. డిప్లొమా లేనివాళ్ళు ఇక ఆ గదిలో ఉండకూడదట. రెండేళ్ళు గడువు. ఈలోగా చదువుకుంటే సరి, లేదంటే గచ్చు తుడిచే పనికి పొమ్మన్నారు.

ఇన్నేళ్ళూ పనికొచ్చిన చేతులు ఉన్నట్టుండి పనికిరాకుండా పోతాయా అని అక్కకు ఒళ్ళు మండింది. పట్టుబట్టి సాయంత్రం కాలేజీలో సీటు సంపాదించింది. సీటు సరే, ఫీజో? బ్యాంకులో చదువుల అప్పు అడిగితే మేనేజరు ఆవిడ జుట్టు వంక చూసి, "చదువు మీకా, మీ అమ్మాయికా?" అన్నాడు. తనకేనని చెప్పాక షూరిటీ సంతకం కావాలన్నాడు. అందుకోసం అన్న దగ్గరికి వెళ్ళింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. ఈ వయసులో పుస్తకాలేంటే?" అన్నాడాయన. వదిన మంచినీళ్ళిచ్చి పంపింది. వ్యాన్ నడిపే మొగుడు మాత్రం, "నా సంతకం ఏ బ్యాంకు నమ్ముతుందే, నేనే నమ్మను" అని నవ్వేశాడు.

అప్పుడు కాలేజీ గుమస్తా ఒక దారి చూపించాడు. ఇదే కోర్సు చదువుతూ, ఆఖరి పరీక్ష ముందు జ్వరమొచ్చి ఒకమ్మాయి పోయిందట. ఆ పిల్ల పేర వాళ్ళమ్మ స్కాలర్‌షిప్ ఇస్తుందట. ఫీజు వాయిదాలన్నీ ఆవిడే కడుతుంది. షరతు ఒక్కటే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికెళ్ళి, ఆ అమ్మాయి గదిలో కూర్చుని పాఠాలు పైకి చదవాలి. పైకి చదివితే మనకే బుర్రకెక్కుతుంది, పోయేదేముంది అనుకుంది అక్క. పోయేదేముందో తర్వాత తెలిసింది లెండి.

మేడ మీద గది. కిటికీకి దళసరి కర్టెన్, ఒక బల్ల, రెండు కుర్చీలు, ముడత లేకుండా పరిచిన పక్క. ఆ అమ్మాయి తల్లి, పెద్దావిడ, లోపలికి వచ్చేది కాదు. తలుపు దగ్గరగా వేసి, బయట స్టూలు మీద కూర్చునేది. పుస్తకంలో ఆఖరి పాఠం మాత్రం ఇక్కడ చదవొద్దని మొదటి రోజే బతిమాలింది. చదవడం అయ్యాక ఒకటే అడిగేది.

"ఒక్కదానివే చదివావా తల్లీ?"

"ఒక్కదాన్నేనమ్మా. ఇంకెవరున్నారు?"

పెద్దావిడ ముఖం చిన్నబోయేది. పాపం, వయసు మీద పడి మతి తప్పినట్టుందని అక్క జాలిపడేది.

కొన్ని వారాలు గడిచాక ఊపిరితిత్తుల పాఠం చదువుతోంది. తన గొంతు వెనకే ఇంకో గొంతు. సన్నగా, ఒక్క మాట వెనకగా, తను అన్నదే అంటోంది. అక్క ఠక్కున ఆపింది. ఆ గొంతూ ఆగింది, ఒక్క మాట ఆలస్యంగా. మంచం కింద వంగి చూసింది, కర్టెన్ లాగి చూసింది. మనిషీ లేదు, పిల్లీ లేదు. రెండో కుర్చీ మాత్రం బల్ల దగ్గరకు జరిగి ఉంది. రోజూ యాక్సిడెంట్ కేసులు చూసే మనిషే అయినా, ఇక అక్కడ నిలవలేకపోయింది. పుస్తకం చంకన పెట్టుకుని బయటపడింది.

"ఒక్కదానివే చదివావా తల్లీ?"

అబద్ధమాడదామనుకుంది. నోరు రాలేదు. "లేదమ్మా."

పెద్దావిడ ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "వస్తోందన్నమాట. నాకు వినపడదమ్మా. చదివేవాళ్ళకే వినపడుతుంది. నీకు ముందు వచ్చినవాళ్ళూ చెప్పారు."

ఇంటికెళ్ళి చెబితే మొగుడు మానెయ్యమన్నాడు. మానేస్తే ఫీజెవరు కడతారు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. గచ్చు తుడిచే గుడ్డను తలచుకుని మళ్ళీ వెళ్ళింది. కొన్నాళ్ళకు అలవాటైపోతుందంటారు గానీ, ఇలాంటివి అలవాటు కావు. ప్రతి ఆదివారం ఆ మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఎక్కేది. తను కష్టమైన మాట దగ్గర తడబడితే ఆ గొంతు ఓపిగ్గా ఆగేది. భయపెట్టాలని వచ్చినట్టు లేదు. అయినా భయమే.

ఇంకో నెలలో ఆఖరి పరీక్ష అనగా చివరి వాయిదా రాలేదు. గుమస్తా తల గోక్కున్నాడు. "అది ఎప్పుడూ రాదక్కా. నీకు ముందు ఇద్దరు ఇలాగే చదివారు. ఇద్దరూ పరీక్ష రాయలేదు. ముందే చెబితే చేరవని ఊరుకున్నాను."

"ఎంత చల్లగా చెప్తున్నావయ్యా" అని అక్క అటునుంచి అటే పెద్దావిడ ఇంటికి వెళ్ళింది. అది ఆదివారం కూడా కాదు.

పెద్దావిడ దాచలేదు. "నువ్వు పరీక్ష రాసేస్తే ఇక రావు. నువ్వు రాకపోతే అదీ రాదు. ఇంకొకరు దొరికేదాకా ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. మళ్ళీ మొదటి పాఠం నుంచి చదువు తల్లీ, ఎన్నేళ్ళయినా నేనే కడతాను."

అక్కకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "మీ అమ్మాయి కోసం నా బతుకు ఆపేస్తారా?" అనేసి మేడ మెట్లెక్కింది. చదివేస్తే కూతురు ఇక రాదన్న భయంతో పెద్దావిడ వద్దన్న ఆఖరి పాఠం ఒకటి మిగిలి ఉంది. అదే తీసింది. అరుస్తున్నట్టుగా చదవసాగింది.

గొంతు వచ్చింది. మొదటి పేజీలో ఎప్పటిలా వెనకే. రెండో పేజీలో పక్కపక్కనే. ఆ తర్వాత ముందుకు వెళ్ళిపోయింది. అక్క ఇంకా చూడని వాక్యాలు గుక్క తిప్పుకోకుండా చదివేస్తోంది. అక్క అక్షరాల మీద వేలు పెట్టి వెంటపడింది, అందలేదు. ఈ పేజీ తిప్పేలోపు అవతలి పేజీ మాటలు వినిపిస్తున్నాయి. తను ఇంకా సగంలో ఉండగానే ఆ గొంతు ఆఖరి వాక్యం ముగించి ఆగిపోయింది. మిగిలిన సగం అక్క ఒక్కతే చదివింది. వెనక ఎవరూ అనలేదు.

తలుపు తెరుచుకుంది. ఎన్నడూ గడప దాటని పెద్దావిడ లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది. ఖాళీ కుర్చీ వంక చూసింది.

"ఏడ్చిందా?" అని అడిగింది.

"లేదమ్మా. తొందరపడింది. నాకంటే ముందే పూర్తి చేసేసింది."

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రేపు కాలేజీకి తనే వచ్చి ఫీజు కడతానని చెప్పింది. అక్క పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమిరింది.

"అయితే ఇన్నేళ్ళూ దాని పరీక్షకు అడ్డం కూర్చున్నది నేనేనన్నమాట" అంది పెద్దావిడ.