పుర్రచేతి రాయి

ఈ పొద్దున వంటింట్లో మా కోడలు రోట్లో కారం నూరుతుంటే ఆ గరగర చప్పుడుకు మల్లవ్వ గుర్తుకొచ్చింది. చంద్లాపూర్ గుట్ట కింద మట్టి మోసిన కూలి మనిషి ఆమె. నేను ఆమెతో కలిసి పనిచేసింది అక్కడి ఒక్క తవ్వకంలోనే. కానీ ఈ చెయ్యి నాకు ఆమె ఇచ్చిందే.

పందొమ్మిది వందల నలభైలలో సిద్దిపేట చుట్టుపక్కల పాతకాలపు సమాధులు సర్కారు వాళ్లు తవ్విస్తుంటే, అందులో దొరికిన వస్తువుల నక్షాలు గీసే నౌకరి నాకు దొరికింది. నాది పుట్టుకతోనే పుర్రచేతి వాటం. చిన్నప్పుడు బాపు ఆ చేతిని మొలతాడుకు కట్టేసి మరీ కుడిచేత్తో అక్షరాలు దిద్దించాడు. అందుకే నా గీతలు వానపాముల్లా వంకర పోయేవి. "ఇంకొక్క నక్షా చెడిందంటే ఇంటికి పోతావు" అని తవ్వకం జరిపించే పెద్దసారు ముందే చెప్పేశారు.

చంద్లాపూర్‌లో మేం తవ్విన సమాధి, నాలుగు బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ మూసిన గది. ఊళ్లో వాళ్లు రాకాసి గూడు అనేవారు. లోపల ఎముకల పక్కన మూరెడు పొడవు రాయి ఒకటి బయటపడింది. నడుమ నున్నటి పల్లం, అదీ ఒక పక్కకే ఒరిగింది. అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. పెద్దసారు దాన్ని నిలబెట్టించి దేవత అన్నారు. ఆయన అన్నాక ఇంకేముంది, కూలీలు పసుపు పూసి కొబ్బరికాయ కొట్టారు. "రేపటికి గీసి పెట్టు" అని నాకు చెప్పి ఆయన సిద్దిపేట వెళ్లిపోయారు.

మూడు కాగితాలు పాడు చేశాను. ఆ ఒరుగు నా కుడిచేతికి చిక్కలేదు. ఎవరూ లేరనుకుని పెన్సిలు ఎడమచేతిలోకి మార్చుకున్నాను. వెనక నుంచి మల్లవ్వ గొంతు వినిపించింది.

"నీది గూడ పుర్రచెయ్యేనా, కొడుకా?"

సిగ్గుతో చెయ్యి వెనక్కి దాచుకున్నాను. ఆమె గంప దించి, రాయికి దండం పెట్టి, "తప్పైతే నాదే తల్లీ" అంటూ దాన్ని మెల్లగా పండబెట్టింది. కొంగున కట్టుకున్న జొన్నలు పిడికెడు పోసి, ఒక గుండ్రాయి తీసుకుని ఎడమచేత్తో నూరింది. ఆ పల్లం ఆమె చేతికి కొలిచి చేయించినట్టు సరిపోయింది.

"గిది దేవర గాదు. గింజలు నూరిన రాయి. గీడ పండుకున్నామెది గూడ నా లెక్క పుర్రచెయ్యి. లేకుంటె పల్లం గీ పక్కకెందుకు ఒరుగుతది?" అంది. ఎముకలకేసి చెయ్యి చాపింది. "పుర్రచేతి రొట్టె ఎవ్వలు తినరని మా అత్త నన్ను పొయ్యికాడికి రానియ్యలె. గీమెను జూడు. సచ్చినంక గూడ గీమె రాయి గీమె పక్కకే వెట్టిన్రు. ఎవ్వలు నామోషి పడలె. నువ్వెందుకు దాసుకుంటవ్? గియ్యి!"

గీశాను. ఈసారి గీత వంకర పోలేదు.

మర్నాడు పెద్దసారు ఎదుటే ఎడమచేత్తో నక్షా ముగించాను. ఆయన ముఖం చిట్లించారు. నక్షానూ, రాతికంటిన పిండినీ మార్చి మార్చి చూసి, మల్లవ్వను పిలిపించి, "ఇంకోసారి నూరి చూపించమ్మా" అన్నారు. ఆమెను ఎవరైనా ఎడమచేత్తో పని చేయమని అడగడం అదే మొదటిసారి కాబోలు. నూరుతూ నావైపు చూసి నవ్వింది. నా నౌకరి నిలిచింది.

తవ్వకం ముగిశాక మల్లవ్వ మళ్లీ కనిపించలేదు. వెతకలేదన్న బాధ నాకు ఈనాటికీ ఉంది.

కారం నూరడం అయ్యాక మా కోడలు వచ్చి, పలక మీద రాస్తున్న మనవరాలి ఎడమచేతిలోంచి బలపం తీసి కుడిచేతిలో పెట్టబోయింది. నేను వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. బలపం మళ్లీ దాని ఎడమచేతికే ఇచ్చి, "గియ్యి, బిడ్డా" అన్నాను.