కాగితాల మీద పరిగెత్తిన పిల్లి

ఇందాక మనవరాలు ఫోనులో బొమ్మల సినిమా చూస్తూ పగలబడి నవ్వుతుంటే నాకు మా చిన్నత్త గుర్తొచ్చింది. సాలూరులో డేరా సినిమాహాలు మీలో ఎంతమందికి గుర్తుందర్రా? నేల టికెట్టు, చల్లటి ఇసుక, అసలు సినిమాకి ముందు కాసేపు వేసే బొమ్మల సినిమా? అరవైల చివర్లో నేను దాని కోసమే వెళ్ళేదాన్ని.

చిన్నత్త, అంటే నాన్న చెల్లెలు, పెళ్ళయిన ఏడాదికే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. ఆమెను సినిమాకి పంపితే ఊరు ఏమంటుందోనని నాయనమ్మకు భయం. అందుకే నేను బొమ్మల సినిమాలో చూసొచ్చిన పిల్లిని ఆమె కోసం చింపేసిన క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిలుతో గీశాను, ఒక్కో అడుగూ ఒక్కో కాగితం మీద.

చిన్నత్త వాటిని దొంతరగా సర్ది, అంచుల మీద బొటనవేలు జార్చింది.

“ఒసే, నీ పిల్లి పరిగెడతన్నాదే!” అంటూ పకపకా నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ నవ్వు విని వంటింట్లోంచి నాయనమ్మ వచ్చింది. తిడుతుందేమోనని నేను చిన్నత్త వెనక నక్కాను. నాయనమ్మ తన కూతురి ముఖం చూసి, నాన్నను కేకేసింది.

“ఒరే, రేపు దీన్ని కూడా సినిమాకి తీసుకెళ్ళు. ఊరు ఏటనుకుంటే నాకేటి?”

మర్నాడు తెర మీద అసలు పిల్లి రంగుల్లో పరిగెత్తింది. చిన్నత్త నా చెవి దగ్గరకు వంగి, “నీ పిల్లే బాగున్నాదే,” అంది.

ఆ మాట నిజమేనని నమ్మేశాను. ఇవాళ్టికీ బొమ్మల కథలు గీస్తూనే ఉన్నాను.