నిరాహార దీక్షలో జపాన్ వంటవాడు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ ఇంకా రాకముందు, కోరుట్లలో ప్రతి మనిషికీ ఒక పోరాటం ఉండేది. నాకు రెండు. మొదటిది అందరిదీ. రెండోది, ఊళ్లో ఒక్కరిచేతైనా జపాన్ లైట్ నవల చదివించడం. (అక్కడి కుర్రకారు రైళ్లలో చదువుకునే బొమ్మల చిన్న నవలలవి. గ్రంథాలయంలో తెలుగు నవలలన్నీ అయిపోగొట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషు నేర్చినవాణ్ని. ఇంటర్నెట్ సెంటర్‌లో వాటి ఇంగ్లిషు అనువాదాలు దొరికాక ఊరుకుంటానా?) కటింగ్ షాపులో చెప్పాను, జగిత్యాల బస్సులో పక్క సీటువాళ్లకు చెప్పాను. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే మా బావకైతే అచ్చుతీసి పంపాను. "మంచిగున్నయి బామ్మర్ది, ఒకదిక్కు తెల్లగున్నయి, పోరగాండ్ల లెక్కలకు అచ్చినయి" అని కబురు పెట్టాడు.

అప్పుడే రిలే నిరాహార దీక్షల్లో గ్రంథాలయ పాఠకుల వంతు వచ్చింది. రోజుకో సంఘం పొద్దున్నుంచి సాయంత్రం ఐదింటిదాకా టెంటు కింద పస్తు కూర్చునేది, చివర నాయకుడు వచ్చి నిమ్మరసం తాగించేవాడు. "పుస్తకాల పురుగులు పగటి బువ్వదాకన్న ఆగుతరా?" అని ముందురోజు కూర్చున్న ఆటోవాళ్లు అప్పటికే నవ్వుతున్నారు గనక మాకది పరువు విషయం. నాకు మాత్రం అక్కడ మధ్యలో లేచి వెళ్లడానికి వీల్లేని పాఠకులు కనబడ్డారు. కాగితాల కట్ట చంకన పెట్టుకుని వెళ్లాను.

మొదటి నవల మొదటి పేజీలోనే హీరోని లారీ గుద్దుతుంది, వాడు వేరే లోకంలో పుడతాడు. (ఈ నవలల్లో సగంమంది అట్లాగే పోతారు.) రిటైరైన హెడ్మాస్టరు సారు అడ్డం పడ్డాడు. "ఏందిరా, జపాన్ల రాస్తారోకోలు లెవ్వా? ఉంటె పోరడు బతికెటోడు గద!" టెంటంతా నవ్వింది. నవల కూడా ఆ లారీ కిందే పోయింది.

రెండోది తీశాను. ఒక వంటవాడు రాక్షసుల కోటలో మళ్లీ పుడతాడు. అక్కడి రాణి ఏదీ నోటికి సహించక ఏళ్లుగా పస్తుంటుంది. దీక్షకు తగిన కథ అని నా లెక్క. తెలుగులో చెప్పుకుంటూ పోయాను. వాడు వెన్నలో ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించేసరికి టైలర్ చాచా (గ్రంథాలయంలో ఉర్దూ పేపరు మొదట ఆయనదే) కళ్లు మూసుకున్నాడు. కోడిగుడ్డు పొరలో వేడన్నం చుట్టేసరికి ఎవరి కడుపో మైకు లేకుండానే వినబడింది.

"అరె బేటా, గిది దీక్షనా, దావతా?" అన్నాడు చాచా.

"గా కాగితాలు మూస్తవా, నన్ను లేవమంటవా?" అన్నాడు సారు. ఎదురుగా మిర్చీ బజ్జీల బండి. ఆయన ఒక చెప్పు అప్పటికే తొడిగాడు.

మూశాను. ఐదైంది, నాయకుడు రాలేదు. మెట్‌పల్లి దగ్గర రాస్తారోకోలో ఆయన జీపు ఇరుక్కుందని ఫోను. (రాస్తారోకో మనవాళ్లదే.) ఆటోవాళ్లు బండి దగ్గర మిర్చీలు కొరుకుతూ మావైపే చూస్తున్నారు. సారు రెండో చెప్పు కోసం వెతుకుతున్నాడు. అప్పుడు చాచా నీరసంగా నామీదికి ఒరిగాడు.

"నేను సచ్చేటట్టున్న గని, గా రాణి తిన్నదా?"

"మూయమన్నరు గద చాచా."

"తెరువు. ఆమె తినేదాక మనం గూడ తినద్దు."

సారు చెప్పు విడిచి మళ్లీ కూలబడ్డాడు. "చదువురా. ఆడ రాణి పస్తుంటె నేను మిర్చీలకు పోతనా?"

చీకటి పడే వేళకు నాయకుడు నిమ్మరసం గ్లాసు అందించబోతే చాచా చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగుండ్రి సార్, ఇంక ముద్ద నోట్ల పెట్టలె."

రాణి ఆ రాత్రి తింది గానీ, నెట్‌లో ఆ ఇంగ్లిషు అనువాదం సగంలోనే ఆగిపోయింది. "జపానోళ్లు ఆపితె మనం ఆపుతమా?" అని చాచా గదమాయిస్తే, సాయంత్రాలు ఆయన కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని మిగతాది నేనే అల్లాను. ఇద్దరం కలిసి రాణిచేత కోరుట్ల బస్టాండు ముందు హోటల్ పెట్టించాం.

ఈమధ్య అసలు భాగాలన్నీ ఇంగ్లిషులో వచ్చాయి, చదివాను. ఫోను గ్రూపుల్లో పిల్లలు ఏ లైట్ నవల చదవాలని అడిగితే దాని పేరే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నాలో నేను నవ్వుకుంటాను. అసలుదానికన్నా మాదే బాగుంటుంది. కాకపోతే దాన్ని వినాలంటే ఆ స్టూలు కావాలి, అర్థంకాని చోటల్లా సొంతంగా అల్లించిన నా ఆనాటి అరకొర ఇంగ్లిషూ కావాలి.