చక్రాల కింద నిమ్మకాయలు

మొన్న ఆయుధపూజనాడు మా అబ్బాయి కొన్న వ్యాను చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే, వేళ్లకంటిన ఆ వాసనకు గోవిందరాజులన్న గుర్తొచ్చాడు. డెబ్బైల చివర్లో పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే ఒక ప్రైవేటు బస్సుకు ఆయన డ్రైవరు, నేను కండక్టరును. ఇద్దరి ఇళ్లూ పుదుచ్చేరిలోని ఉప్పళం పేటలోనే.

అప్పట్లో మాకు నెలజీతం లేదు. ఆ రోజు టిక్కెట్ల వసూలును బట్టి బత్తా ఇచ్చేవారు, అంతే. అందుకే ప్రతి డ్రైవరూ ముందు బస్సును దాటి జనాన్ని ఎక్కించుకోవాలని చూసేవాడు. రాజులన్న మాత్రం పోటీకి దిగేవాడు కాదు. ఒకరోజు కిరుమాంబాక్కం దగ్గర వెనక బస్సు మమ్మల్ని దాటిపోయి, స్టాపులో ఉన్న జనాన్నంతా ఊడ్చుకుపోయింది. నాకు ఒళ్లు మండింది.

"ఏందన్నా, ఎద్దులబండా తోల్తుండావు? మన బత్తా వాడు ఎత్తుకపోయినాడు గదా!"

"పోనీరా. ఈ బత్తా కోసరం ఏదో ఒకదినం చెట్టుకు గుద్దుకుంటాము. మనం పరిగెత్తాల్సింది వాని ఎనక గాదు, నెలజీతం ఎనక."

ఆ మాట నాకప్పుడు తలకెక్కలేదు. కార్తీక వానలకు రోడ్డు మునిగి, బస్సులు షెడ్డులోనే ఉండిపోయి, మా ఇంట్లో గంజి కూడా కరువైనప్పుడు ఎక్కింది. మరుసటి ఏడు ఆయుధపూజకు బస్సులు కడిగి, చందనం పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ముహూర్తానికి వాటిని తొక్కించాలి. మా ముదలాళి, అంటే యజమాని, బజారులో కొట్టున్న తెలుగాయనే. ముహూర్తం దాటితే ఏడాదంతా నష్టమని ఆయన భయం. రాజులన్న సీట్లో కూర్చున్నాడు గాని ఇంజను ఆన్ చేయలేదు.

"ముహూర్తం దాటిపోతుండాది, తోలు రాజులూ!"

"తోల్తాను ముదలాళీ. నెలజీతం ఇస్తానని ఒక మాట చెప్పండి. వానకు బండి నిలిస్తే మా ఆకలి నిలవదు గదా."

"దిగు! ఇంక నీకు ఈడ పని లేదు."

ఆయన నెమ్మదిగా దిగాడు. ముదలాళి మిగతా డ్రైవర్ల వైపు చూశాడు. ఒక్కరూ కదలలేదు. పెళ్లయి అప్పటికి ఏడాదైనా కాలేదు. అయినా టిక్కెట్ల సంచీ తీసి బస్సు మెట్టు మీద పెట్టి, వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

ముదలాళి గడియారం చూసుకున్నాడు. "సరే, డ్రైవర్లకీ కండక్టర్లకీ ఇస్తా. ఎక్కు!"

"క్లీనర్లకు?" అన్నాడు రాజులన్న.

"వాళ్లకు వచ్చే ఏడు జూస్తాం."

ఆయన ఎక్కలేదు. "వాళ్లకీ ఆకలుండాది ముదలాళీ."

"అందరికీ ఇస్తా! ఎక్కు నాయినా!"

నిమ్మకాయలు టప్పున పగిలాయి. ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది. అదేమీ పెద్ద జీతం కాదు. ఎనభైలలో కొంచెం కొంచెంగా పెరిగింది, అదీ అడిగితేనే. రిటైరయ్యేదాకా ఏటా అడిగినవాడు ఆయనే. ఆయన పక్కన నిలబడ్డందుకు నాకిప్పటికీ గర్వమే.

మొన్న నిమ్మకాయలు పెట్టి లేచేసరికి కొత్త డ్రైవరు సెల్వం స్టీరింగు ముందు కూర్చున్నాడు. "జీతం మాట్లాడినావా?" అని అబ్బాయిని అడిగాను.

"ట్రిప్పుకింత అనుకున్నాం నాయినా. ముందు ముహూర్తం కానీ."

నేను మళ్లీ వంగి, పెట్టిన నిమ్మకాయలన్నీ తీసి చేతిలో పట్టుకున్నాను.

"ముందు నెలజీతం చెప్పరా. అప్పుడు పెడతాను."