సంచి తీయకుండా నాటిన మొక్కలు

ప్లాస్టిక్ అంటే నాకు మొదటినుంచీ పడదు. స్టాఫ్ రూములో ఎవరైనా పెరుగన్నం ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చుకున్నా నా నోరు ఊరుకోదు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, కాకినాడ నుంచి కువైట్ వచ్చి, పందొమ్మిదేళ్లుగా ఇక్కడి ఇండియన్ స్కూల్లో బయాలజీ చెబుతున్నదాన్ని. ఆమాత్రం అనే హక్కు ఉందని నా నమ్మకం. అందుకే ఆ డిసెంబరులో రిజర్వ్‌లో మొక్కలు నాటించే పని మా స్కూలుకు వచ్చినప్పుడు, నల్ల కవర్లలో పెంచిన మొక్కలు వద్దే వద్దని ప్రిన్సిపాల్‌తో వారం రోజులు పోట్లాడాను.

రిజర్వ్ అంటే ప్రభుత్వం కంచె వేసి కాపాడుతున్న ఎడారి ముక్క. ఎండ మనిషిని బతకనిచ్చే నాలుగైదు నెలలూ స్కూలు పిల్లల్ని లోపలికి రానిస్తారు. బైనాక్యులర్లతో పక్షుల్ని గుర్తుపట్టడం, ఇసుకలో జాడ చూసి ఏ జంతువుదో చెప్పడం, చివర్లో తలా ఒక మొక్క నాటి, పక్కన పేరు రాసిన చెక్కపలక గుచ్చడం. ఫోటో. బస్సు.

"మీకు నచ్చినవే తెచ్చుకోండి, నన్ను వదిలేయండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు చివరికి. అల్ రాయ్‌లో మొక్కల దుకాణాలన్నీ తిరిగి, గోధుమరంగు సంచుల్లో ఉన్న నలభై సిద్ర్ మొక్కలు పట్టుకున్నాను. సిద్ర్ మన రేగు జాతిదే. సంచి మీద 'మట్టిలో కలిసిపోతుంది, తీయకుండా నాటవచ్చు' అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. దాని ఫోటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టాను. ఎవరూ బదులివ్వలేదు. ఓడిపోయినవాళ్లు బదులివ్వరు.

నాటే రోజు గుంతలు తీసి ఉంచినవాడు ముప్పై అయిదేళ్ల మనిషి. చెవులకు మఫ్లర్ చుట్టుకున్నాడు. నేను పిల్లల మీద అరవడం విని దగ్గరకొచ్చాడు.

"మేడం, మీది గోదారి పక్క గదా? తిట్టేదాంట్లోనే తెలిసిపోతాంది."

"తెలిస్తే తెలిసిందిలే. నీదేవూరు?"

"కోడూరు కాడ మేడం. పన్నెండేండ్లు నర్సరీలో చేసినా. అంట్లు కట్టేది నాకు చిటికెల పని."

"మరిక్కడ దేనికి దేన్ని అంటు కడతావయ్యా? ఇసుకని ఇసుకకా?"

నవ్వాడు. తెలుగు దొరికిందని ఆగకుండా చెప్పుకుపోయాడు. భార్య కూడా కువైట్‌లోనే ఉంది, మహబూలాకు దగ్గర్లో ఒక కువైటీ ఇంట్లో పని. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, రెండు వారాలకొకసారి, శుక్రవారం రెండు గంటలు బయటికి పంపుతుంది. అప్పుడే మొగుడూ పెళ్లాం కలుసుకోవడం.

"నా ఇఖామా, ఈడ ఉండేదానికి ఇచ్చే పర్మిట్టు, మార్చితో అయిపోతాది మేడం. మళ్లా కొట్టాలంటే, వీడు బాగ చేస్తాండాడని ఫోర్‌మాన్ చెప్పాల. ల్యాకుంటే నేను ఇంటికి, ఆమె ఈడ. ఆమెకింకా ఏడాదిన్నర ఉండాది. ఒక్కతే ఉండలేదు మేడం, శానా బయస్తురాలు." నా నంబరు అడిగి తీసుకున్నాడు, ఆడవాళ్లకు ఆడవాళ్లు తోడని.

పిల్లలు మొదటి మొక్కను గుంతలో పెట్టబోతుంటే అడ్డం వచ్చాడు.

"సంచి తీయాల మేడం."

"అక్కర్లేదు. ఇది మట్టిలో కలిసిపోయే సంచి."

"యాడ కలుస్తాది మేడం? కలవాలంటే తేమ ఉండాల, పురుగో పుట్రో ఉండాల. ఈ ఇసుకలో చచ్చిన గొర్రె తోలే కుళ్లదు, ఎండిపోయి అట్లనే పడుంటాది."

"నువ్వు నర్సరీలో పనిచేశావు, నేను యూనివర్సిటీలో చదివాను. ఈ సంచి కనిపెట్టినవాళ్లు నీకంటే తెలివితక్కువవాళ్లా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. అతను చేతులు దులుపుకుని, గొంతు తగ్గించాడు. "పోనీ, పిల్లోళ్లు పోయినాక నేనే బ్లేడుతో కోసి మళ్లా పెడతా. ఎవురికీ తెలీదు."

"ముట్టుకోవద్దు. పిల్లలు వాళ్ల చేత్తో నాటినవి, పేర్లున్నాయి. నీళ్లు పొయ్యి, చాలు." అంతటితో ఊరుకున్నానా? ఫోర్‌మాన్ దగ్గరికి వెళ్లి, ఈ వరస మొక్కల జోలికి ఎవరూ రాకూడదని హిందీలో చెప్పి మరీ బస్సెక్కాను.

ఫిబ్రవరి మూడో వారంలో మళ్లీ వెళ్లాం. అదే పిల్లలు, ఈసారి పక్షుల లెక్క. రిజర్వ్ అధికారిణి వస్తుందని ప్రిన్సిపాల్ కూడా కోటు వేసుకుని వచ్చారు. ఉత్తరపు గాలి మొహాన్ని గీకుతోంది. పిల్లల్ని పక్షుల వైపు పంపి నేను ముందుగా మొక్కల దగ్గరికి వెళ్లాను. నలభై పలకలు నిటారుగా ఉన్నాయి. వాటి పక్కన నలభై ఎండుపుల్లలు.

ఒకదాన్ని పట్టుకుని లాగితే సంచితో సహా చేతికొచ్చింది. సంచి అల్ రాయ్‌లో కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, అక్షరాలు కూడా చెరగలేదు. చించి చూశాను. పోసిన నీళ్లు చుట్టూ ఉన్న ఇసుక తాగేసింది, లోపలి మట్టి గడ్డ రాయిలా ఉంది. వేర్లు బయటికి దారి దొరక్క దాని చుట్టూ తిరిగి తిరిగి ఆగిపోయాయి. నీరూ సూక్ష్మజీవులూ లేనిచోట ఏదీ కుళ్లదని నేను ఏటా తొమ్మిదో తరగతికి చెప్పే పాఠమే. ఆ మొక్కను మళ్లీ గుంతలో పెట్టి, ఇసుక కప్పి, కాలితో నొక్కాను.

కాసేపటికి అధికారిణి వచ్చింది, వెంట ప్రిన్సిపాల్, ఫోర్‌మాన్. ఆమె వరసంతా చూసి, నీళ్లెవరు పోస్తున్నారని అడిగింది. ఫోర్‌మాన్ వెంటనే ఆ కోడూరు మనిషిని చూపించాడు. అతను కువైట్ వచ్చి ఏడాది కూడా కాలేదు. అరబీ నాలుగు ముక్కలు, హిందీ అంతకంటే తక్కువ. అధికారిణి నావైపు తిరిగింది.

"మీది అతని భాషేనట కదా. ఏం జరిగిందో అడగండి."

అడిగాను. నన్ను చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

"దినామూ నీళ్లు పోసినా మేడం, ఒగపూట గూడా తప్పలేదు. సంచి తీయకుండా పెట్టిరి గదా, నీళ్లు లోపలికి పోలేదు. వేర్లు యాడికి పోతాయి? నేను కోసి పెడతానంటే ముట్టుకోవద్దంటిరి. మీకు తెల్సు గదా మేడం, చెప్పండి ఆయమ్మకు."

నేను ఇంగ్లీషులో చెప్పాను: "రోజూ నీళ్లు పోశానంటున్నాడు."

"అంతేనా? చాలాసేపు మాట్లాడాడే."

"అంతే."

ఉద్యోగానికి భయపడి కాదు. నిజం చెబితే నన్నెవరూ తీసేవాళ్లు కాదు, మహా అయితే ప్రిన్సిపాల్ గారు చిన్నగా నవ్వేవారు. ఆ నవ్వు పడలేకే చెప్పలేదు.

వాళ్లు ముందుకు కదిలాక అతను నా పక్కన నడుస్తూ అడిగాడు, "సంచి సంగతి చెప్పినారా మేడం? బ్యాగు అనే మాట నాకు వినపల్లేదు."

"చెప్పాను. వేరే మాటతో చెప్పాను."

"మంచిది మేడం," అన్నాడు.

మార్చి చివర్లో, ఆ చలికాలానికి ఆఖరి ట్రిప్పులో, అతను కనపడలేదు. ఫోర్‌మాన్‌ను అడిగితే రెండు చేతులూ దులిపి, "ఖలాస్" అన్నాడు. ఇఖామా కొట్టలేదు, పంపేశారు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్. వెనక కుళాయి నీళ్ల చప్పుడు. మాట వినపడకుండా కావాలనే తిప్పినట్టుంది.

"మొక్కల మేడమేనా? నేను ఆయప్ప భార్యను."

ఎలా ఉన్నావమ్మా అన్నాను.

"ఉండా. ఒగటే అడగాలని చేసినా అక్కా. ఆయప్ప నాలుగు మాటలు చెప్తే మీరు ఒగ మాట చెప్పినారంట. తక్కిన మూడూ ఏమైనాయి?"

వెంటనే అందుకున్నాను. నేను చెప్పినా ఫోర్‌మాన్ వినేవాడు కాదన్నాను. ఈ ఏడు చలిగాలి మామూలుగా లేదు, సంచి వల్లనే చచ్చాయని రుజువేముందన్నాను. ఇఖామా కొట్టకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయన్నాను. ఒక్కో మాటా పదునుగా వస్తోంది, ఒకదాన్ని మించి ఒకటి.

"అయిపోయిందా అక్కా?" అంది. "మామా లేసినట్టుంది. అంట్లు ఉండాయి, పెట్టేస్తాండా."

తిరిగి చేస్తే తీయలేదు. మర్నాడూ తీయలేదు.

అప్పుడు కూర్చుని అధికారిణికి ఈమెయిల్ రాశాను. సంచుల సంగతి, అతను ముందే హెచ్చరించిన సంగతి, నేను తిన్నగా చెప్పని సంగతి, అన్నీ. అతన్ని వెనక్కి పిలిపించే దారి ఏమైనా ఉందా అని అడిగాను. మర్నాటికల్లా జవాబొచ్చింది. విలువైన సూచనకు ధన్యవాదాలు, వచ్చే చలికాలం సంచులు తీసే నాటిద్దాం అని. అతని గురించి ఒక్క ముక్క లేదు. డిసెంబరులో మా స్కూలుకు ఏ తేదీ వీలవుతుందో చెప్పమని అడిగారు.

క్యాలెండరు చూసి తేదీ పంపాను.